కీమో తర్వాత మతి మందగిస్తే: మీ చిట్టా మీరే రాసుకోండి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కలు రాయడం నా పని. కాటా దగ్గర కుర్రాడు బరువులు గట్టిగా చదువుతుంటే టిక్కీ (మిర్చి బస్తా) వెంట టిక్కీ రాసుకుపోతూ, మధ్యలో ఫోనెత్తి రైతుకు ధర చెబుతూ, ఖర్చులూ అడ్వాన్సూ తీసేసి పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) వేయడం ఏళ్ల తరబడి అలవాటైన పని. రొమ్ము క్యాన్సర్‌కి కీమో అయ్యాక లెక్క మరచిపోలేదు గానీ, లెక్క మీద పట్టు సడలింది. కూడిక మధ్యలో ఎవరైనా "అక్కా, టీ" అంటే చాలు, ఏ వరసలో ఉన్నానో పోయేది. తెలిసిన రైతు ఎదురుగా నిలబడితే ఊరు గుర్తొచ్చేది, పేరు వచ్చేది కాదు. వంటింట్లోకి ఎందుకొచ్చానో తెలియక డబ్బాల వంక చూస్తూ నిలబడటం సరేసరి. జబ్బుతో పడ్డ పాట్లు చాలవన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటు.

చుట్టాలు "వయసొచ్చింది కదమ్మా" అన్నారు. ఒక డాక్టరుగారు "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఇది చాలామందికి వచ్చేదే, దీని మీద నలభై ఏళ్లకు పైగా పరిశోధన ఉంది, మనం చేసుకోదగ్గ పనులూ ఉన్నాయి. ఫార్మసీ చదివిన మా అమ్మాయి పేపర్లు చదివి అర్థం చెబితే నేను నా పద్ధతిలో రాసుకున్నాను. మందుల సంగతి వచ్చిన ప్రతిచోటా మీ క్యాన్సర్ డాక్టరు మాటే చివరి మాట అనుకుని చదవండి.

ముందు తేల్చుకోవాల్సింది

మెల్లగా కమ్ముకునే మతిమరుపు వేరు, ఉన్నట్టుండి వచ్చే అయోమయం వేరు. జ్వరంతో పాటు పొంతన లేని మాటలు, నిద్ర లేవగానే తలనొప్పితో వాంతులు, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఫిట్స్... వీటిలో ఏది కనిపించినా ఈ వ్యాసం పక్కన పడేసి క్యాజువాలిటీకి వెళ్లండి. ఇఫోస్ఫమైడ్ లాంటి కొన్ని కీమో మందులు ఎక్కించిన గంటల్లోనో రోజుల్లోనో మనిషిని అయోమయంలో పడేస్తాయి. డాక్టర్లకు అది తెలిసిన సంగతే, వెంటనే చెబితే చూసుకుంటారు.

అది కాదని తేలాక, సరిచేయగలిగిన కారణాలు ఏమైనా ఉన్నాయా అని చూడాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగరు, సోడియం: ఈ అయిదూ ఎప్పుడు చేయించారో మీ ఫైల్లో వెతకండి. ఈ మధ్య చేయించకపోతే అడగండి. ఆ తర్వాత మందుల సంచీ మొత్తం టేబుల్ మీద పోయండి. నొప్పికిచ్చే ట్రమడాల్, దురదకో జలుబుకో వేసుకునే ఏవిల్, నిద్ర మాత్ర, ఇవి మనిషిని మగతగా ఉంచేవే. వాంతులకూ ఎలర్జీకీ కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ దీనికి తిరగబడి, రాత్రంతా కళ్లు మూతపడనీయదు. నిద్ర లేని మనిషికి మర్నాడు లెక్క ఎలా తేలుతుంది? మాత్రలు మీ అంతట మీరు మానేయమని కాదు. సంచీ డాక్టరు ముందు పెట్టి "ఇందులో మతిని మొద్దుబార్చేవి ఏవి?" అని అడగమంటున్నాను.

దిగులు సంగతి కూడా ఇక్కడే. ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తిండి సయించకపోవడం వారాల తరబడి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది, వైద్యంతో మతి కూడా కొంత తేరుకుంటుంది. మన వైపు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడమంటే ఇంకా నలుగురేమనుకుంటారో అన్న జంకు. రొమ్ము తీయించుకోవడానికి లేని జంకు దీనికెందుకో నాకైతే అర్థం కాదు.

చిట్టా ఎందుకు, ఎలా

డాక్టరు గదిలో చేసే చిన్న పరీక్ష ఒకటి ఉంటుంది. ఇవాళ తేదీ ఎంత, ఇది ఏ ఊరు, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి, వందలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ పొండి. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది... నాకు అది నిద్రలో కూడా వస్తుంది. "మీకేం లేదమ్మా, బాగానే ఉన్నారు" అని పంపించేశారు. ఆ పరీక్షలు డిమెన్షియా లాంటి పెద్ద లోపాలను పట్టడానికి పెట్టినవి. పైగా ఆ గదిలో ఫోను మోగదు, పక్కన హమాలీలు అరవరు. మన లోపం బయటపడేది సరిగ్గా అక్కడే: రెండు పనులు ఒక్కసారి మీద పడ్డప్పుడు, తొందరున్నప్పుడు, అలిసిపోయినప్పుడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఏడు తేజ రకం మిర్చి ధర పెరిగిందో తగ్గిందో చెప్పాలంటే నిరుటి ధర తెలియాలి. మన బుర్రకు నిరుటి ధర ఎవరూ రాసి ఉంచలేదు. నలుగురితో పోలిస్తే మామూలుగానే ఉన్నట్టు తేలినా, నాతో నన్ను పోల్చుకుంటే తగ్గాను. పరిశోధకులు కూడా ఇదే గోడకు తల కొట్టుకున్నారు. పేషెంట్లు "తగ్గాం" అంటారు, పరీక్షలు "లేదే" అంటాయి. అందుకే ఇప్పుడు మంచి అధ్యయనాలు చికిత్స మొదలుకాకముందే ఒకసారి పరీక్షించి, ఆ తర్వాత అదే మనిషిని మళ్లీ మళ్లీ చూస్తున్నాయి. మీకు కీమో ఇంకా మొదలు కాలేదా? అయితే ఇవాళే మొదలుపెట్టండి, మీరు అదృష్టవంతులు. అయిపోయినా ఫరవాలేదు, ఇవాళ్టి నుంచి రాసినా రేపటికి పనికొస్తుంది.

నేను రాసే తీరు ఇది. జేబులో పట్టే చిన్న పుస్తకం. ఏదైనా జారిపోయినప్పుడు ఒక్క వరస: టైము, ఏం జారింది, అప్పుడు ఇంకేం చేస్తున్నాను. పడుకునే ముందు ఇంకో వరస: రాత్రి ఎంతసేపు నిద్రపోయాను, ఒంట్లో ఓపిక ఎంత, కీమో ఎక్కించి ఎన్నో రోజు. "మతిమరుపు ఎక్కువగా ఉంది" అని రాస్తే డాక్టరుకు పనికిరాదు. "పదకొండు గంటలు, కూడిక, ఫోను వచ్చింది, మళ్లీ మొదటి నుంచి వేశాను" అని రాస్తే పనికొస్తుంది. రెండు వారాలు రాసి చూస్తే ఒక వరస తేలుతుంది. నాకు మధ్యాహ్నం భోజనం తర్వాత, నిద్ర తక్కువైన మర్నాడు ఎక్కువని తేలింది. మీకు ఇంకోలా తేలవచ్చు.

వారానికోసారి ఒక చిన్న పని టైము పెట్టుకుని చేయండి. నేను ఇరవై అంకెల కూడిక వేస్తాను. వంట చేసేవాళ్లు సరుకుల జాబితా చదివి, మూసేసి, పది నిమిషాల తర్వాత ఎన్ని గుర్తున్నాయో రాయవచ్చు. అంకెలూ సరుకులూ ప్రతివారం మార్చాలి. అవే మళ్లీ మళ్లీ చేస్తే అలవాటు వల్ల టైము తగ్గుతుంది, బాగుపడ్డామన్న భ్రమ కలుగుతుంది. శాస్త్రజ్ఞులకూ ఇదే బెడద. అందుకే జబ్బు లేని వాళ్లను పక్కన పెట్టుకుని, వాళ్లు అలవాటుతో ఎంత మెరుగయ్యారో చూసి ఆ మేరకు తీసేసి లెక్క వేస్తారు.

పరిశోధన ఎటు నడిచింది, అందులో మనకేముంది

1980లోనే సిల్బర్‌ఫార్బ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, ఆయన సహచరులు కీమో తీసుకుంటున్నవాళ్లలో ఆలోచన దెబ్బతినడం గురించి రాశారు. 1998లో నెదర్లాండ్స్‌లో వాన్ డామ్ బృందం రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలను మూడు గుంపులుగా చూసింది. ఎక్కువ డోసు కీమో తీసుకున్నవాళ్లలో 32 శాతం మందికి, మామూలు డోసు వాళ్లలో 17 శాతం మందికి, కీమో అసలు లేనివాళ్లలో 9 శాతం మందికి లోపం కనబడింది. డోసుతో పాటు పెరిగింది కాబట్టి మందు పాత్ర ఉందని అనుకున్నారు.

తర్వాత చికిత్సకు ముందే పరీక్షించడం మొదలుపెట్టేసరికి కథ మారింది. ఒక్క చుక్క మందు ఎక్కకముందే కొందరిలో మందకొడితనం ఉంది. జబ్బు వల్ల ఒంట్లో రేగే వాపు, ఆపరేషను, నిద్రలేమి, బెంగ ఇవన్నీ కలిసి చేసే పని అది. దాంతో కీమో ఒక్కదాన్నే దోషిని చేసే మాట వెనక్కిపోయి, క్యాన్సర్‌నూ దాని చికిత్సనంతటినీ కలిపి చూడటం మొదలైంది.

నాకు బాగా ధైర్యమిచ్చినవి రెండు. 2017లో అమెరికాలో జానెల్సిన్స్ బృందం కీమో తీసుకున్న 581 మంది స్త్రీలనూ జబ్బు లేని 364 మందినీ పోల్చింది. కీమో ముగిసేసరికి తమ మతి తగ్గిందని చెప్పినవాళ్లు పేషెంట్లలో 45.2 శాతం, మిగతావాళ్లలో 10.4 శాతం. ఆరు నెలల తర్వాత 36.5, 13.6. అంటే నేను ఒంటరిదాన్ని కాదు. రెండోది 2020లో వచ్చిన టైలర్‌ఎక్స్ అధ్యయనం. అందులో కొందరికి కీమోతో పాటు హార్మోన్ మాత్ర, కొందరికి హార్మోన్ మాత్ర ఒక్కటే. మూడో నెలలో, ఆరో నెలలో కీమో వాళ్లు ఎక్కువ ఇబ్బంది చెప్పారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల మధ్యా తేడా లేదు.

ఈ రెండోదాన్ని ఇంకోవైపు నుంచీ చదవాలి. హార్మోన్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లకూ ఇబ్బంది ఉంది. నేను వేసుకునే లెట్రోజోల్, కొందరు వేసుకునే టమాక్సిఫెన్ ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మీద పనిచేసేవి. రాత్రుళ్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర చెడటం వీటితో మామూలే. అంతమాత్రాన మాత్ర ఆపేయకండి. జబ్బు తిరగబెట్టకుండా కాపలా కాసేది అదే. ఇబ్బంది చెబితే మాత్ర మార్చడమో ఆవిర్లకు వేరే మందివ్వడమో డాక్టరు చూస్తారు.

ఎన్నాళ్లుంటుంది అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. ఎక్కువమందికి నెలల మీద సర్దుకుంటుంది. కొందరికి మిగిలిపోతుంది. 2012లో రాటర్‌డామ్ నుంచి వచ్చిన అధ్యయనంలో పాత రకం కీమో తీసుకుని సగటున 21 ఏళ్లయిన 196 మందిని పరీక్షిస్తే, క్యాన్సరే రాని స్త్రీల కంటే మాటలు గుర్తుపెట్టుకోవడంలో, వేగంలో కాస్త వెనకబడి ఉన్నారు. తేడా పెద్దది కాదు.

ఇక మెదడులో జరిగేదేమిటి? కీమో మందుల్లో చాలావరకు మెదడులోకి సరిగా దూరలేవు, అయినా ప్రభావం ఎందుకు? స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం 2018లో ఎలుకల మీద చూపింది ఇదీ: మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇచ్చాక మెదడులోని మైక్రోగ్లియా అనే కాపలా కణాలు రెచ్చిపోయి, నరాలకు మైలిన్ పొర వేసే కణాల పనికి అడ్డుపడుతున్నాయి. 2025లో అదే బృందం కార్-టీ చికిత్స (రోగనిరోధక కణాలను మార్చి క్యాన్సర్ మీదికి వదిలేది) ఇచ్చిన ఎలుకల్లోనూ అలాంటి గొడవే చూపించింది. కోవిడ్ తర్వాత వచ్చే మందకొడితనానికీ దీనికీ పోలికలున్నాయని కూడా వాళ్లే అన్నారు. ఇమ్యునోథెరపీ, పేగుల్లోని సూక్ష్మజీవులు, వయసు మీద పడే వేగం, ఫోను యాప్‌లతో రోజూ పరీక్షించడం... ఇప్పుడు చూపంతా వీటి మీద.

ఏ క్యాన్సర్ వాళ్లకైనా ఒక ముక్క. మెదడుకు జబ్బు పాకి తల మొత్తానికి రేడియేషన్ పెట్టాల్సి వస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌ను తప్పించి పెట్టే పద్ధతి ఉంది. 2020లో వచ్చిన 518 మంది ట్రయల్‌లో, మెమాంటిన్ మాత్రతో పాటు ఇలా తప్పించి పెట్టినవాళ్లకు మతి తక్కువ దెబ్బతింది. జబ్బు ఆ భాగానికి దగ్గరగా ఉంటే కుదరదు. మెషీను మొదలయ్యాక కాదు, ప్లానింగు రోజునే "మాకు ఇది కుదురుతుందా?" అని అడగండి.

రోజు గడవడానికి

పరిశోధనలో వచ్చిన శిక్షణ పద్ధతుల్లో నాకు నచ్చింది, జ్ఞాపకశక్తిని పెంచుతామని బీరాలు పోనిది. అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఫెర్గూసన్, ఆల్స్ తయారుచేసిన మాట్ అనే పద్ధతి అలాంటిది. ఎక్కడ జారుతుందో గమనించు, అక్కడ ఊతం పెట్టు, కంగారు తగ్గించు: సారాంశం అంతే. దాన్ని నా కొట్టుకు సరిపోయేలా మార్చుకున్నాను.

కాటా రాసేటప్పుడు ఫోను సొరుగులో. యజమానికి ముందే చెప్పాను: "పట్టీ వేస్తున్నప్పుడు పిలవకండి, అయ్యాక నేనే వస్తాను." చెప్పడానికి మొహమాటపడ్డాను గానీ, చెప్పాక ఆయనకూ సుఖంగానే ఉంది. కూడికలో పది వరసలకోసారి పెన్సిలుతో ఉప మొత్తం వేసి గీత గీస్తాను. ఎవరైనా కదిపినా ఆ గీత దగ్గర్నుంచి మొదలు, పై నుంచి కాదు. పెద్ద పట్టీలన్నీ ఉదయం పూట. మధ్యాహ్నం ఫైళ్లు సర్దడం, ఫోన్లు. డబ్బు చేతులు మారే ప్రతి కాగితం ఇంకొకరు చూశాకే బయటికి. సీజను ముమ్మరంగా ఉండే ఫిబ్రవరి, మార్చిలో యార్డులో అడుగు పెట్టడానికే సందుండదు. మళ్లీ పనిలోకి రావాలనుకుంటే ఆ నెలల్లో కాకుండా సరుకు పలచబడ్డాక పూటపనితో మొదలుపెట్టమని నా సలహా. ఘాటూ దుమ్మూ సంగతి సరే, ఆ రొద బుర్రను పిండేస్తుంది.

ఇంట్లో ఒకే పుస్తకం, ఒకే చోటు. క్యాలెండరు మీద కొంచెం, ఫోనులో కొంచెం, ఫ్రిజ్ మీద చీటీ కొంచెం అంటే ఎక్కడ రాశామో వెతకడమే ఇంకో పని. తాళాలు, కళ్లజోడు, ఆధార్ కార్డు, ఆసుపత్రి ఫైలు అన్నీ తలుపు పక్క బుట్టలో. వారం మాత్రలు గడుల డబ్బాలో ఆదివారమే సర్దడం. పొయ్యి మీద ఏది పెట్టినా ఫోనులో అలారం, అదీ "పప్పు దించు" అని పలికేలా.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. బుర్ర నిదానంగా ఉన్నప్పుడు తొందరపెట్టే ఫోన్లు మహా ప్రమాదం. బ్యాంకనో కేవైసీ అనో పార్శిల్ అనో ఎవరైనా ఓటీపీ అడిగితే జవాబు చెప్పకుండా పెట్టేయండి. "మా ఇంటాయనతో మాట్లాడండి" అని కూడా అనక్కర్లేదు, పెట్టేయడమే. డబ్బు పోయినట్టు అనుమానం వస్తే వెంటనే 1930కి ఫోను చేయించండి.

ఇంట్లోవాళ్లు "ఇప్పుడేగా చెప్పాను" అన్న మాట మానేస్తే సగం బలం. మా ఆయన ఇప్పుడు బజారు నుంచి ఏం తేవాలో ఒక్కొక్కటే అడుగుతారు, నేను చెప్పిందాకా ఆగుతారు. నా నోటికి మాట అందకపోతే తను అందించాలా వద్దా అన్నదాని మీద మాకు ఇప్పటికీ తగవే. నన్నడిగితే కాసేపు ఆగి అందించడం మేలు.

నడక, యోగా, మాత్రలు

నడక మతికి మందా? సూటిగా చెబుతాను. కీమోకు ముందూ కీమోలోనూ బాగా కదిలినవాళ్ల మతి మెరుగ్గా ఉందని 2021లో ఒక పెద్ద అధ్యయనం చూపింది, కానీ ఓపిక ఉన్నవాళ్లే నడిచారేమో అన్న సందేహం అందులో ఉండనే ఉంది. అందుకే నెదర్లాండ్స్‌లో 181 మందిని చీటీ వేసినట్టు రెండుగా విడదీసి, ఒక గుంపుతో ఆరు నెలలు వ్యాయామం చేయించారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో తేడా రాలేదు. అలసట మాత్రం తగ్గింది, మతి మెరుగైందని వాళ్లకు అనిపించింది. బాగా నీరసంగా ఉన్నవాళ్లకు లాభం ఎక్కువ. ఒహాయోలో హఠయోగం చేసిన స్త్రీల్లోనూ మతిమరుపు ఫిర్యాదులు తగ్గాయి. నాకైతే ఆ లాభం చాలు. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ తెల్లారకముందే నడుస్తాను. గుంటూరు ఎండలో ఎనిమిది దాటాక నడవడం ఆరోగ్యం కాదు, శిక్ష. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జనంలోకి వద్దు, డాబా మీద నడిచినా సరిపోతుంది.

మాత్రల దగ్గర మా అమ్మాయి చాలా కఠినం. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్‌ను కీమో అయిన 276 మంది మీద ఆరు నెలలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా లేదని 2024లో తేలింది. గింకో అనే చెట్టు ఆకుల మందు కీమో మతిమరుపును ఆపలేదని 2013లోనే తేలింది, పైగా రక్తం పలచబడే ప్రమాదం ఉంది. బ్రాహ్మి, సరస్వతి లేహ్యం ఇంట్లో పెద్దవాళ్లు ఇస్తామంటారు, ప్రేమే కాదనను. కీమో నడుస్తుండగా డాక్టరుకు చూపించకుండా మాత్రం ఏ ఆకూ ఏ లేహ్యమూ వద్దు. మందులన్నిటినీ అరిగించాల్సింది ఆ ఒక్క కాలేయమే.

ఎవరైనా "మతి పెంచే కొత్త మందు" అని వార్త పంపితే నేను మూడు అడుగుతాను. ఎలుకల్లోనా, మనుషుల్లోనా? ఎవరితో పోల్చారు? బాగుపడింది పరీక్షలోనా, పేషెంటు మాటలోనా? మూడోదానికి ఉదాహరణ: ఆస్ట్రేలియాలో 242 మంది మీద జరిపిన కంప్యూటరు శిక్షణలో వాళ్ల మాట ప్రకారం మతి మెరుగైంది, పరీక్షల్లో ఆ తేడా కనబడలేదు. అది పనికిరాదని కాదు అర్థం. ఆటలో మార్కులు పెరిగినంత మాత్రాన పట్టీ తొందరగా తేలుతుందని ఆశపడి డబ్బు కట్టకండి.

పరీక్ష చేయించుకోవాలంటే

రోజువారీ పని దెబ్బతింటుంటే పూర్తి పరీక్ష అడగండి. గంటా రెండు గంటలు పట్టవచ్చు, క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు. ఈ రంగంలోని అంతర్జాతీయ బృందం 2011లో సూచించినవి మూడు: మాటల జాబితా నేర్చుకుని తిరిగి చెప్పడం, అంకెలూ అక్షరాలూ వరసగా కలిపే గీతల పరీక్ష, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూడటం. ఇంగ్లిషులో చేస్తే మనలాంటివాళ్లకు మార్కులు తగ్గేది మతి వల్లా, భాష వల్లా అన్నది తేలదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయించిన పరీక్షల పెట్టె తెలుగులోనూ ఉంది. అది పక్షవాతం, డిమెన్షియా పేషెంట్ల కోసం పెట్టినదే అయినా "తెలుగులో చేస్తారా, నా చదువుకు తగ్గ కొలతతో చూస్తారా?" అని అడిగే హక్కు మనకుంది. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, సైకియాట్రీ విభాగమూ అదే ఆసుపత్రిలో ఉంది. మంగళగిరి ఎయిమ్స్ కూడా మాకు దగ్గరే.

వెళ్లేటప్పుడు చిట్టాలోంచి చివరి రెండు వారాల పేజీలు జెరాక్స్ తీయించి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. పూర్వం ఏ పని ఎంతసేపట్లో చేసేవారో, ఇప్పుడు ఎంత పడుతోందో ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో మీదే రాయండి. మిమ్మల్ని జబ్బుకు ముందు నుంచీ ఎరిగిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఓపీ వద్దు, పొద్దున టోకెనే తీసుకోండి.